హోరు

కంచరపాలెం హైస్కూల్లో చెక్కపని క్లాసంటే
బుధవారం ఆఖరి రెండు పీరియడ్లు.
అందరూ పీటలు, ఫోటో ఫ్రేములు.
నేనూ దమయంతీ ఖాసిమూ మాత్రం
గిటార్ అన్నాం.
కరెంటు గిటార్.

జోగినాయుడు మాస్టారు వినలేదు.
నిజంగానే వినలేదు.
షిప్‌యార్డులో ఇరవై రెండేళ్లు
ఇనుప రేకుల కడుపులో, సమ్మెట దెబ్బల మధ్య
ఆయన చెవులు అక్కడే ఉండిపోయాయి.
నోట్సులో రాసి చూపించాం.
కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ చదివి
"పాడతాదేటి?" అన్నారు.

విరిగిన బెంచీ ఒకటి ఇచ్చారు.
ముప్పై బ్యాచీల మోచేతులు నునుపు చేసిన టేకు.
రంపం దిగుతుంటే
కంపాసు ముల్లుతో ఎవడో చెక్కుకున్న 'సూరిబాబు'
రెండు ముక్కలయ్యాడు.
సూరి గిటార్లో ఉన్నాడు.
బాబుని మధ్యాహ్న భోజనం పొయ్యిలోకని
ఆదెమ్మ పట్టుకుపోయింది.

మెడకి చెక్క ఫిషింగ్ హార్బరు నుంచి.
పడవలు కట్టే మా మావయ్య
"వంగితే నన్నడుగు" అని ఇచ్చాడు.
వంగలేదు.
ఎంత చిత్రిక పట్టినా ఉప్పు వాసనే పోలేదు.

మెట్లు ఎక్కడ పడాలో ఒక లెక్కుంది.
మిగిలిన పొడవుని పదిహేడు పాయింట్ ఎనిమిది ఒకటి ఏడుతో భాగించు,
అక్కడొక మెట్టు.
మళ్లీ మిగిలినదాన్ని, మళ్లీ.
లెక్కల టీచరు "ఇదయ్యే పని కాద"నడానికి వచ్చి
పీరియడంతా కూర్చుని
ఇరవై ఒకటీ లెక్కగట్టి వెళ్లారు.
ఐదో గాడి కోసింది నేను.
ఒక మిల్లీమీటరు తప్పు. ఎవరికీ చెప్పలేదు.

రాగి తీగ చుట్టింది మా అమ్మ కుట్టుమిషను మీద,
బాబిన్‌కి దారమెక్కించే చిన్న చక్రానికి.
వెంట్రుక కన్నా సన్నం తీగ,
ఖాసిం వాళ్ల నాన్న మోటార్లు చుట్టే కొట్లోది.
ఏడు వేల చుట్లు కావాలి.
అమ్మ తొక్కుతోంది, నేను లెక్కపెడుతున్నాను.
నాలుగు వేల మూడొందల చిల్లర దగ్గర
జాకెట్టు అయిందా అంటూ ఒకావిడ వచ్చింది.
లెక్క పోయింది.
"పోతే పోనీయే గుంటా, నిండీదాకా చుడదాం.
మెతుకులు లెక్కెట్టుకుని తింటామేటి?"

తీగలు జగదాంబ దగ్గర కొన్నాం.
గాలిలో ఉప్పుకి వారంలోనే గరుకెక్కాయి.
కొబ్బరినూనె గుడ్డతో తుడిచి
జడలా చుట్టి దాచింది దమయంతి.

పరీక్షలకి ముందు బుధవారం.
టంకం పొగ ఇంకా కళ్లలోనే ఉంది.
టీకొట్టు వాడి పాత రేడియోకి కలిపి
స్విచ్ వేశాం.

హోరు.

స్వరం లేదు, ఏమీ లేదు,
తుపాను ముందు రోజు రాత్రి
ఇంట్లో పడుకున్నా వినిపించే సముద్రం.
ఖాసిం మొహం మాడిపోయింది.
దమయంతి ఏ అతుకు ఊడిందోనని వెతుకుతోంది.
నేను ఊరికే, జ్వరం చూసినట్టు,
తీగల మీద చెయ్యి వేశాను.

ఆగిపోయింది.

చెయ్యి తీస్తే హోరు. వేస్తే లేదు.
"ఎర్తు నువ్వేనే" అంది దమయంతి.

అప్పుడందరం మాస్టారి వైపు చూశాం.
ఆయన వంగి
తన దవడ తెచ్చి చెక్కకి ఆనించారు,
సూరి పేరు ఉన్నచోట.
వేలు ఆడించారు, కానీమని.

లావు తీగ మీటాను.
ఆయన కళ్లు మూసుకున్నారు.
ఒక్కో మెట్టూ ఎక్కుతున్నాను.
మెడ నరం కదులుతోంది, పెదవి వణుకుతోంది,
నెరిసిన గడ్డం చెక్క మీద సన్నగా గీరుకుంటోంది.
ఐదో మెట్టు దగ్గర ఒక కన్ను తెరిచి
"ఇక్కడ చెక్క ఒప్పుకోట్లేదు," అన్నారు,
"అయినా సరే. మళ్లీ కొట్టు."

మళ్లీ కొట్టాను.
కిటికీలో ఆదెమ్మ, చేతిలో గరిటె.
ఫ్రేములు చేసే వాళ్లంతా ఉలులు కింద పెట్టేశారు.

బెల్లు మోగింది.
ఆయనకి వినపడలేదు.
మేమూ విననట్టే ఉన్నాం.